చిట్టాలో ఇంగ్లీషు ఏడు

నా చిన్నప్పుడు మార్కాపురంలో పలకలు అమ్మే ఒక సావుకారు దగ్గర మా తాతయ్య గుమాస్తా. రోజువారీ జమాఖర్చుల చిట్టా రాయడం ఆయన పని. ఆ విద్య ఆయనకు ఏ బడీ నేర్పలేదు. చిన్నతనంలోనే ఒక పెద్ద గుమాస్తా పక్కన చేరి, ఏళ్ల తరబడి మొట్టికాయలు తిని నేర్చుకున్నాడు. ఆయన కూడికలో తప్పు పట్టినవాడు లేడు. అయినా ఆయన్ని ఎవరైనా ‘గారు’ అనగా నేను వినలేదు.

ముసలితనంలో కళ్లు మసకబారాయి. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని సాయంత్రం చిట్టా ఇంటికి తెచ్చి లెక్కలు నోటితో చెప్పేవాడు, నేను రాసేదాన్ని. నాకప్పుడు పన్నెండేళ్లు. నా రాత అచ్చం తన రాతలా ఉండాలని ఎన్ని పగిలిన పలకల మీద దిద్దించాడో! ఆరు నెలలు ఎవరూ కనిపెట్టలేదు. నాకు భలే గర్వంగా ఉండేది, బయటికి చెప్పుకునే వీల్లేదు గానీ.

ఒకరోజు మద్రాసు నుంచి ఆడిటరు వచ్చాడు. మీసాలు సరిగా రాని కుర్రవాడు, కానీ పరీక్ష ప్యాసైనవాడు. సావుకారు అతనికి కుర్చీ వేయించాడు. తాతయ్య నిలబడే ఉన్నాడు. మనవరాలు సరదాకి వెంట వచ్చినట్టు ఆయన్ని చేయి పట్టుకుని తీసుకెళ్లింది నేనే కాబట్టి నేనూ పక్కనే ఉన్నాను. పుటలు తిప్పుతూ ఆడిటరు ఒకచోట ఆగాడు. అన్నీ తెలుగు అంకెలే, మధ్యలో ఒక్క ఇంగ్లీషు ఏడు. బళ్లో అలవాటు కొద్దీ నా చేయి జారింది.

“ఇది ఎవరు రాశారు?” అన్నాడు.

“ముసలోడు, ఏదో పరధ్యానంలో రాసినాడు లెండి,” అని సావుకారే మాట అందుకున్నాడు. తాతయ్య ఊఁ అంటే సరిపోయేది.

“కాదయ్యా. నాకు కండ్లు ఆనటం లేదు. ఆర్నెల్ల నుంచి రాసింది ఈ పాప. నా మనవరాలు,” అన్నాడు తాతయ్య.

లెక్కంతా సరిగ్గానే ఉందన్నాడు ఆడిటరు. కానీ తన చిట్టా ఆడపిల్ల చేతిలో పడిందని సావుకారుకు ఒళ్లు మండింది.

“రేపట్నుంచి నువ్వు రాబాకు,” అన్నాడు తాతయ్యతో.

దారిపొడుగునా ఏడ్చాను. “ఎందుకు చెప్పినావు తాతా? గమ్మునుంటే ఏం పోయేది?” అని నిలదీశాను.

“నీ చేతి పనిని నాదని ఎట్ల చెప్పుకునేదమ్మా?” అన్నాడు.

ఆ ఏడాదంతా అర్ధాకలితో గడిపాం. తాతయ్య మీద కోపం నాకు చాలాకాలం పోలేదు.

పెళ్లయ్యాక గిద్దలూరులో మా ఆయన దుకాణం లెక్కలన్నీ నలభై ఏళ్లు నేనే రాశాను. వచ్చిన ఆడిటరల్లా అవి ఆయన రాసినవే అనుకుని మెచ్చుకుంటే మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. వంటింట్లోంచి వింటూ నేనూ ఊరుకున్నాను. నా పని నాదని చెప్పడానికి తాతయ్య తన కూడు పోగొట్టుకున్నాడు. పోగొట్టుకునేదేమీ లేని రోజుల్లో కూడా నేను ఆ మాట చెప్పలేదు. ఆ సిగ్గు ఇవాళ్టికీ నన్ను వదల్లేదు.