ఖాళీ కన్నా తక్కువ

దయ్యాల కథలు చెప్పి మార్కాపురంలో చాలామందిని భయపెట్టాను గానీ, నేను మాత్రం ఏనాడూ వాటిని నమ్మలేదు. ఎక్కడెక్కడ కల్పించాడో చెప్పేవాడికి తెలుసు కదా. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం వెనకాడాను. దీంట్లోనూ నేను కల్పించి చెప్పిన ముక్కలున్నాయి. అవి వచ్చినచోటల్లా ఒప్పుకుంటాను. మిగిలిందంతా జరిగిందే.

నా పని సిజర్ లిఫ్టులు బాగుచేయడం. కత్తెరలా ముడుచుకుని విచ్చుకునే ఇనుప కాళ్లు, వాటి మీద చుట్టూ కటకటాలున్న చిన్న వేదిక. దానిపై నిలబడి ఎత్తున రంగులు వేస్తారు, లైట్లు బిగిస్తారు. కంభం రోడ్డులో శీనయ్యకు వీటిని బాడుగకు తిప్పే యార్డు ఉంది. వరసేమీ లేకపోయినా నన్ను మామా అంటాడు.

ఈ లిఫ్టుకు బరువు తెలుసుకునే సెన్సర్ ఒకటి ఉంటుంది. బరువు ఎక్కువైతే కూత పెట్టి ఆగిపోతుంది. అయితే ఖాళీగా ఉన్నప్పుడు ఎంత బరువో ముందు మనమే దానికి నేర్పించాలి. ఎవరూ లేకుండా ఒకసారి చివరిదాకా లేపి దించితే, ఖాళీ అంటే ఇంత అని గుర్తు పెట్టుకుంటుంది. మేం దాన్ని జీరో కొట్టడం అంటాం.

ఒక మధ్యాహ్నం నా భార్య కాశమ్మ యార్డుకు అన్నం తెచ్చింది. నేను ఒక లిఫ్టుకు కొత్త సెన్సర్ వేసి, కింద కంట్రోలు పెట్టె ముందు వంగి జీరో కొడుతున్నాను. ఆమె చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి పోయిందనుకున్నాను. వేదిక మీద ఎవరూ లేరని చూసుకోవడం రూలు. నేను చూడలేదు. లిఫ్టు పైకంటా లేచాక గొంతు వినపడింది.

"ఓయబ్బ! ఏం గాలి, ఏం గాలి!"

తలెత్తితే కటకటాలు పట్టుకుని కాశమ్మ. గట్టిగా అరిచాను. "నువ్వెప్పుడెక్కినావే?"

"కూచోడానికి బాగుందని ఎక్కినా. ఏందయ్యా ఇది, మంచెకు చక్రాలు పెట్టినారు?"

శీనయ్య పగలబడి నవ్వాడు. "అత్తా, టికెట్టు తీసుకున్నావా?"

"మీ మామ తీసుకుంటాడులే."

పైనుంచి గుడి గోపురం, పలకల గనుల గుట్టలు, దూరంగా నల్లమల కనిపించాయట. మా మిద్దె కూడా. "ఏమయ్యోవ్! మన వడియాల మీద కోతులు పడినాయి!"

"అయితే దిగు, పోయి తోలుదువు."

"తిననీలే. ఇంకాసేపు చూడనీ."

ఆమె కిందికి వచ్చి దిగగానే లిఫ్టు కూత అందుకుంది. తెర మీద ఒక నంబరు వెలిగింది. బరువు ఎక్కువైతే వచ్చే నంబరు కాదది. ఉండాల్సిన దానికన్నా తక్కువుందని చెప్పే నంబరు. అది కాశమ్మను కూడా కలుపుకుని ఖాళీ అని నేర్చుకుంది. ఆమె దిగేసరికి ఖాళీ కన్నా తక్కువైంది. సంగతి చెబితే మూతి తిప్పింది.

"అంటే నీ మిషనుకు నేను లెక్కలోకే రాలా?"

"నువ్వు లేకుంటేనే గదే అరుస్తాండేది" అన్నాను.

మళ్లీ సరిగ్గా జీరో కొట్టాను. ఏడాదికి పైగా ఆ లిఫ్టు ఏ పేచీ లేకుండా పనిచేసింది. మాకు మాత్రం ఆ వారమంతా వడియాలు లేని అన్నమే.

ఆ తర్వాత కాశమ్మ కిడ్నీలు చెడిపోయాయి. మనిషి కళ్లముందే తరిగిపోయింది. ఒంగోలు ఆసుపత్రిలో ఆమె పోయిన ఉదయం, ఆమెను తీసుకుపోవడానికి బండి కోసం వరండాలో నిలబడి ఉంటే గిద్దలూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ కల్యాణ మండపానికి రంగులేస్తున్న మస్తాన్.

"పెద్దాయనా, లిఫ్టు పైన ఎవురూ ఎక్కకముందే మొత్తుకుంటాంది. ఏం చేసేది?"

పక్కన పెట్టమని చెప్పి ఫోను పెట్టేశాను. వాళ్ల దగ్గరున్నది కాశమ్మ ఎక్కిన ఆ లిఫ్టే.

ఈ ముక్క నలుగురిలో చెప్పేటప్పుడు, సరిగ్గా ఆమె ఊపిరి ఆగిన నిమిషానికే కూత మొదలైందనీ, అక్కడ మల్లెపూల వాసన వచ్చిందని మస్తాన్ అన్నాడనీ చెబుతుంటాను. నిమిషం ఎవరూ చూడలేదు. మల్లెపూలు నేను తెచ్చిపెట్టినవి. అక్కడ రంగు వాసన తప్ప ఏమీ లేదు. ఆ ఉదయమే అన్నది మాత్రం నిజం.

పెద్దకర్మ అయ్యాక లిఫ్టు యార్డుకు వచ్చింది. తెర మీద అదే నంబరు. ఇన్నేళ్లలో దాన్ని చూడటం అది రెండోసారి.

నమ్మని మనిషిని కాబట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. సాకెట్లో నీళ్లు చేరలేదు. ఎలుకలు వైరు కొరకలేదు. సెన్సర్ విప్పి పక్క లిఫ్టుకు పెడితే చక్కగా పనిచేసింది. దాని సెన్సర్ తెచ్చి దీనికి పెడితే కూత ఆగలేదు. అంటే సెన్సర్‌లో తప్పు లేదు. లిఫ్టు గుర్తు పెట్టుకున్న ఖాళీయే మారిపోయింది. దాన్ని మార్చే పాస్‌వర్డ్ యార్డులో నా ఒక్కడికే తెలుసు. నేను మార్చలేదు.

చివరికి వేదిక మీద పలకరాళ్లు ఒక్కొక్కటే పేర్చాను. కొన్ని పెట్టాక కూత ఆగింది. వాటిని తూకం వేస్తే అచ్చంగా కాశమ్మ బరువు వచ్చిందని టీ కొట్టులో చెప్పాను. అబద్ధం. తూకం వేయలేదు. ఆసుపత్రికి పోయేదాకా ఆమె బరువెంతో మాకు తెలియనే తెలియదు. చివరి రోజుల్లో మంచం మీంచి ఆమెను నేనే లేపేవాణ్ణి. ఆ రాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషంత. అంతవరకే చెప్పగలను.

శీనయ్య తొందర చేశాడు. "జీరో కొట్టెయ్ మామా, అయిపోతాది."

కొట్టడం చిన్న పనే. కానీ ఆమె లేకపోవడమే సరైన లెక్క అని నా చేత్తో నేను దానికి నేర్పించాలి. "చెన్నై నుంచి సెన్సర్ రావాలప్పా" అన్నాను. రాళ్లన్నీ దించేసి, రోజూ పోయి స్విచ్ వేసేవాణ్ణి. అది అరిచేది. నేను వింటూ కూర్చునేవాణ్ణి. చుట్టాలంతా ఏడ్చి ఊరుకున్నారు. అదొక్కటే ఊరుకోలేదు.

ఒక రోజు శీనయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాసేపు అతనూ విన్నాడు.

"మామా, ఆ సెన్సర్ రాదు గదా?"

"రాదు."

"అత్త ఎక్కింది దీని మీదనే గదా?"

తలూపాను. అతను లిఫ్టు తాళం నా పక్కన పెట్టి లేచాడు. "మస్తానోళ్లు పని లేక కూచున్నారు మామా. నీ ఇష్టం. నేను టీ కొట్టు కాడ ఉంటా."

ఆ మధ్యాహ్నమే కొట్టాను. వేదిక చుట్టూ తిరిగి చూశాను. ఎవరూ లేరు. బటన్ నొక్కితే ఖాళీగా పైకి లేచింది. చివరన ఆగినప్పుడు పైనుంచి "ఇంకాసేపు" అని వినపడిందని మనవళ్లకు చెప్పాను. వినపడలేదు. చాలాసేపు తలెత్తి నిలబడ్డాను. గాలి తప్ప ఏమీ లేదు. వినపడి ఉంటే దించేవాణ్ణే కాదు.

దించాను. కూత ఆగింది. పచ్చ దీపం వెలిగింది. మర్నాడు లిఫ్టు గిద్దలూరు పోయింది. ఇప్పటిదాకా ఆ నంబరు మళ్లీ రాలేదు.

ఆ లిఫ్టు కంపెనీ ఇంజినీరుకు ఫోన్‌లో చెబితే, పాత లెక్క మెమరీలో ఎక్కడో మిగిలిపోయి తిరిగి వచ్చిందేమో, తానైతే అలాంటిది చూడలేదన్నాడు. వచ్చిందేమో. ఆ ఉదయమే ఎందుకొచ్చిందని అడిగితే మళ్లీ వస్తే ఫోన్ చెయ్యమన్నాడు.

ఇప్పటికీ జీరో కొట్టే ముందు వేదిక మీద ఎవరూ లేరని చూసుకుంటాను. అది రూలు. తర్వాత ఇంకోసారి చూస్తాను. అది రూలు కాదు.