చూడకుండా రాసిన నామంజూరు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, శ్రావణంలో రెండో మంగళవారం, పగలు పదకొండు దాటి పది నిమిషాలు. గడియారం డాక్టరు తలపైన గోడకే ఉంది కనుక బాగా గుర్తు. మూడు గంటలుగా నేను చూసింది ఆ గడియారాన్నీ, ఆయన నడినెత్తినీ. మొహం చూసే భాగ్యం మాకు కలగలేదు.

వికలాంగుల పింఛనుకు పరీక్షలని ఒక బడి గదిలో శిబిరం పెట్టారు. మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి తాగి నా భార్య మోకాళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయాయి. ఆమె మందులకు ఏడాదికో గొర్రెను అమ్ముతున్నాం. పింఛను వస్తే అది తప్పుతుందని ఆమె ఆశ.

గదిలో బెంచీలు తీసేసి జంపఖానా పరిచారు. మోకాళ్ళు వంగేవాళ్ళంతా దాని మీద సుఖంగా కూచున్నారు. వంగనివాళ్ళు నలుగురు గోడకు ఆనుకుని నిలబడ్డారు. గొర్లు కాసినవాడికి ఇంతకంటే ఏం చెప్పాలి? మంద పడుకున్నాక నిలబడే ఉన్న గొర్రె దగ్గరికే మేం ముందు పోతాం. ఈయన అంత చదువు చదివి ఒక్కసారి తలెత్తలేదు. పేరు పిలవడం, రాయడం, ముద్ర గుద్దడం. సర్పంచు బామ్మర్దికి మంజూరైంది. కూచున్న చోటు నుంచి చెంగున లేచి పోయాడు.

నా భార్య కాగితం చేతికొచ్చింది. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, కూడబలుక్కుని పైకే చదివాను: "స్వయంగా పరీక్షించడమైనది. నామంజూరు."

తన భార్యను తీసుకొచ్చిన ఒక ఉర్దూ పంతులు పక్కనే ఉన్నాడు. విని నవ్వాడు.

"మంజూరంటే ఏందో ఎరుకేనా అన్నా? అరబ్బీల నజర్ అంటే చూపు. చూసి ఒప్పుకున్నది మంజూర్. పొద్దుగాల సంది మనం చేస్తున్నది ఇంతెజార్, ఎదురుచూపు, అది గూడ గా వేరుకు మొలిచిందే. పైనుండి చూసుకునేటోడు నాజిర్."

"మరి గీయన?"

"గీయనకు అరబ్బీల మాట లేదు."

నేను బల్ల దగ్గరికి పోయాను. "సారూ, జర తలెత్తి చూడుండ్రి. కూసోరాకనే ఆమె పొద్దుగాల సంది నిలబడ్డది."

"రాసింది రాసినట్టే. జరుగు," అన్నాడు కాగితంతో.

గోడ దగ్గర నుంచి నా భార్య అరిచింది. "పోదాం పా. గా సారు గూడ మన బోరు నీళ్ళే తాగినట్టున్నడు. నా మోకాళ్ళు వంగుతలేవు, ఆయన మెడ లేస్తలేదు."

గది ఘొల్లున నవ్వింది. అప్పుడు తలెత్తాడు. ఆమెను చూశాడు, గోడకానుకున్న మిగతా ముగ్గురినీ చూశాడు, కింద కూచున్నవాళ్ళనూ చూశాడు. సంగతి అర్థమైందని మొహంలోనే తెలిసింది. మళ్ళీ తల దించి తర్వాతి పేరు పిలిచాడు. అంతవరకూ గుడ్డివాడేమో పాపం అనుకున్నాను. ఆ పాటి గౌరవం కూడా దక్కించుకోలేదు.

దసరా ముందర ఇంకో గొర్రెను అమ్మాం.

ఆనాడు అక్కడున్నవాళ్ళు: గోడ దగ్గర నా భార్య, పంతులు భార్య, శనగలు అమ్మే ముసలమ్మ, కుండలు చేసే ముసలాయన. జంపఖానా మీద సర్పంచు బామ్మర్ది, ఆయన తోలుకొచ్చిన పదిమంది. తలుపు దగ్గర పేర్లు రాసుకునే గుమాస్తా. పంతులు, నేను. కుర్చీలో డాక్టరు, రెండు కళ్ళూ బాగానే ఉన్నవాడు.