జ్వరం తగ్గిన రోజు

2023 వానాకాలం. జహీరాబాద్‌లోని మా పిల్లల వార్డులో మంచాలన్నీ జ్వరాలతో నిండిపోయి ఉన్నాయి. న్యాల్‌కల్, రాయికోడ్, మొగుడంపల్లి వైపు నుంచి పొద్దున్నే బస్సు దిగినవాళ్లు దిగినట్టే పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చేవారు. నేను ఆ వార్డులో స్టాఫ్ నర్సుని. పేరు సుగుణ. పెళ్లికి ముందు నుంచీ ఇదే పని. నా గొంతు పెద్దదనీ, కోపం ముక్కు మీదే ఉంటుందనీ తోటివాళ్లు అంటారు. పిల్లలకు మాత్రం నేనంటే బొత్తిగా భయం లేదు, వచ్చిన రెండో పూటకే నా కళ్లద్దాలు లాగేస్తారు.

పిల్లను దవాఖానలో చేరిస్తే ఏమేం చేస్తారని చాలామంది అడుగుతుంటారు. ముందు చేతికి కాన్యులా పెడతాం. అంటే నరంలో ఉంచే సన్నని ప్లాస్టిక్ గొట్టం. మందులూ సెలైనూ ఎక్కించడానికి మాటిమాటికీ సూది పొడవక్కర్లేకుండా. బిడ్డ ఎంత తాగింది, ఎంత మూత్రం పోసింది కొలిచి రాసుకుంటాం. అందుకే బాత్రూముకు పోయేటప్పుడు ప్లాస్టిక్ మగ్గు చేతికిస్తే తల్లులు సిగ్గుపడతారు, తండ్రులు నవ్వుతారు. డాక్టరు అడిగిన ప్రశ్ననే నేనూ అడుగుతాను, డ్యూటీ మారాక వచ్చే సిస్టర్ మళ్లీ అడుగుతుంది. విసుగొస్తుంది, నిజమే. అయినా చెప్పాలి. రక్తం కూడా ఒకసారి తీసి ఊరుకోం. ఇదంతా ఎవరికైనా కూర్చోబెట్టి చెప్పగలను. కానీ ఆ సంవత్సరం వచ్చిన ఒక కుటుంబంతో ఏం చేయాలో నాకే తోచలేదు.

పాప పేరు అంకిత. ఆరేళ్లు. న్యాల్‌కల్ మండలంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఊరు. తండ్రి సంగమేశ్ అల్లం పండిస్తాడు. చేలోంచి అలాగే వచ్చాడేమో, ప్యాంటు అంచులకు మట్టి ఎండిపోయి ఉంది. తల్లి కవిత మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి. ఇంటి పెత్తనం నాయనమ్మ మానెమ్మది. బీదర్ పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చిందట, తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి జారిపోతుంది. ఇంటిల్లిపాదీ ఆమెను అవ్వ అంటారు. నేనూ అవ్వ అనే అన్నాను.

పరీక్షల్లో డెంగీ అని తేలింది. మొదట్లో ఆ అవ్వ నన్ను నిలబడనిస్తే ఒట్టు.

"సిస్టరమ్మా, గీ సలైన్ అయిపోవట్టింది, ఇంకోటి పెట్టు. పిల్ల ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. సూది ఏస్తరా, గోలీలిస్తరా, ఏదన్న చెయ్యి జర."

"అయిపోతే నేనే మారుస్త అవ్వా. సలైన్ ఎక్కువ పెడితే మంచిది కాదు, లెక్క ప్రకారం పోవాలె."

"నీ లెక్కలేందో గాని, ఇంకో సూది ఎయ్యి తల్లీ."

రౌండ్స్‌లో, అంటే డాక్టరు పొద్దున్నే మంచం మంచం దగ్గరికి వచ్చి చూసేటప్పుడు, మా డాక్టరు గారు సంగమేశ్‌కు ఓపిగ్గా చెప్పారు. డెంగీలో జ్వరం ఉన్న రోజులకంటే జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. రక్తంలోని నీరు నరాల్లోంచి బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది. ఎంత చిక్కబడిందో పీసీవీ అనే పరీక్షలో తెలుస్తుంది. దాన్నిబట్టే సెలైన్ పెంచుతాం, తగ్గిస్తాం. సంగమేశ్ ప్రతి మాటకూ తలూపాడు. తలూపేవాళ్లను చూస్తే నాకు అనుమానమే. కానీ వార్డు నిండా పిల్లలు, ఒక్కరి దగ్గరే కూర్చుంటే ఎలా?

మర్నాడు పొద్దున అంకితకు జ్వరం తగ్గింది. లేచి కూర్చుని పాలు తాగింది. కవిత మొహం చూడాలి, పండగలా ఉంది. "ఇయ్యాల రేపు జాగ్రత్తగ చూసుకోవాలె, కడుపు నొచ్చినా వాంతి అయినా నన్ను పిలువుండ్రి" అని చెప్పి వేరే మంచం దగ్గరికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి అక్కడ అంతా మారిపోయింది. మంచానికి చుట్టూ చీర కట్టారు. సంగమేశ్ చెప్పులు వార్డు గుమ్మం దగ్గర ఉన్నాయి. పక్క మంచం వాళ్లు రాయికోడ్ నుంచి వచ్చారు. వాళ్ల ఇంటి నుంచి అన్నం డబ్బా వచ్చింది. మూత తీశారో లేదో, మానెమ్మ చేతులు జోడించి, "జర అటు పోయి తినుండ్రి, పోపు వాసన వస్తున్నది" అంది. వాళ్లు నా మొహం చూశారు. నేను వాళ్ల మొహం చూశాను. నిన్నటిదాకా వాళ్ల డబ్బాలోంచే అంకిత అన్నం తిన్నది.

ఏదో మాటామాటా అనుకున్నారు కాబోలు అనుకున్నాను. పీసీవీ కోసం రక్తం తీయడానికి ట్రే పట్టుకుని వెళ్లాను. మానెమ్మ అడ్డంగా నిలబడింది.

"వద్దు. సూది వద్దు. మేం ఇంటికి తోల్కపోతం."

"నిన్న నువ్వే కదా అవ్వా, ఇంకో సూది ఎయ్యి ఇంకో సూది ఎయ్యి అని నా పానం తీసినవ్?"

"నిన్న నిన్ననే. ఇయ్యాల వద్దు."

"ఎందుకు?"

ఆమె నా కాళ్ల వైపు, నా బూట్ల వైపు చూస్తోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కవితను అడిగాను. ఆమె మొహం తిప్పుకుంది. సంగమేశ్‌ను వరండాలోకి పిలిచి అడిగాను.

"అవ్వ ఏమంటె గదే సిస్టర్. జరం పోయింది గద, ఇంట్ల సూసుకుంటం."

"పోయిన తర్వాతనే భయం అని డాక్టర్ సారు చెప్పలేదా?"

"చెప్పిన్రు." తలవంచుకున్నాడు. "నాకేం సమజైతలేదు సిస్టర్. మీరు గట్లంటరు, అవ్వ గిట్లంటది."

నాకూ ఏమీ అర్థం కాలేదు. మేమేదైనా తప్పు మాట అన్నామా? ఎవరైనా హైదరాబాద్ తీసుకుపొమ్మని చెవిలో ఊదారా? డాక్టరు సలహా కాదని తీసుకుపోయేవాళ్ల చేత మేం సంతకం తీసుకుంటాం. సంగమేశ్ ఆ సంతకానికి కూడా సిద్ధంగా ఉన్నాడు. లోపల అంకిత గొంతు వినపడింది. "అవ్వా, కడుపు నొస్తున్నది." సరిగ్గా ఆ నొప్పికే మేం భయపడుతూ ఉంటాం. ఈ పూట ఆ పిల్ల బస్సెక్కితే న్యాల్‌కల్ చేరేలోపు ఏమవుతుందో నాకు తెలుసు, తలూపే ఆ తండ్రికి తెలియదు.

డాక్టరు గారికి కబురు పెట్టి, చీర పక్కకు తీసి లోపలికి వెళ్లాను. పిల్లను సరిగా పడుకోబెడదామని దిండు ఎత్తితే కింద వేపరెబ్బలు. అప్పుడు చూశాను, అంకిత చేతుల మీదా పొట్ట మీదా ఎర్రగా దద్దులాంటి పొక్కులు. డెంగీలో అలా రావడం మాకు మామూలే. వాళ్లకు మామూలు కాదు.

చీర చాటు, చెప్పులు విప్పడం, పోపు పనికిరాకపోవడం, సూది వద్దనడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. పిల్లకు తల్లి పోసిందనుకున్నారు. తట్టో ఆటలమ్మో లేస్తే మా వైపు అలాగే అంటారు. అమ్మవారు ఒంటి మీదికి వచ్చిందని లెక్క. అప్పుడు ఇంట్లో తాలింపు పెట్టరు, చెప్పులతో తిరగరు, మందు మాట ఎత్తరు. ఆ ఒంటికి సూది పొడవడమంటే అమ్మవారినే పొడిచినట్టు.

"ముందే చెప్పొద్దా అవ్వా!" అన్నాను. నాకు కోపమూ వచ్చింది, హమ్మయ్య అనీ అనిపించింది.

ఆమె నా మెడలోని సిలువ గొలుసు చూసింది. "నువ్వు నవ్వుతవనుకున్న."

"నేనెందుకు నవ్వుత? మా అమ్మ చర్చికి పోయొచ్చేది, నాకు తట్టు లేస్తే గుమ్మానికి వేపాకు కట్టేది. మా పాస్టర్ గారొస్తే దాచేది."

మానెమ్మ నవ్వలేదు. నేనే నవ్వించాలని చూసి భంగపడ్డాను. ఈలోగా డాక్టరు గారు వచ్చారు. ఇది తల్లి పోయడం కాదు, డెంగీ పొక్కులు అని చెప్పారు. ఆమె వినలేదు. సరే, అమ్మవారే అనుకోండి, ముందు రక్తం తీయనివ్వండి అన్నారు. దానికీ ఒప్పుకోలేదు. ఆయన నాడి పట్టుకుని చూసి నా వైపు తిరిగారు. ఆ చూపు నాకు తెలుసు. ఎక్కువ సమయం లేదని.

అంకిత కాళ్లు సర్దబోతే చేతికి చల్లగా తగిలాయి. ఆలోచించి చేసింది కాదు, మానెమ్మ చెయ్యి పట్టి ఆ పాదాల మీద పెట్టాను.

"నువ్వు ఎంతమందికి తల్లి పోసింది చూసినవో, నాకంటె నీకే ఎరుక. తల్లి పోస్తే ఒళ్లు కాలాలె గద అవ్వా? గీ కాళ్లు ఎందుకు గింత సల్లగున్నయ్?"

మానెమ్మ ఒక పాదం పట్టుకుంది. తర్వాత రెండోది. చీర కొంగుతో రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూనే ఉంది. ఆమె మొహంలో రంగు పోయింది.

"గిట్లనే సల్లగయినయ్," అంది, ఎవరితోనో అన్నట్టు. ఎవరివి అని అడిగే తీరిక అప్పుడు నాకు లేదు.

"జర ఆగు," అని తన కొంగు చివర ముడి విప్పింది. అందులో ఉన్న పసుపు అంకిత నుదుటికీ చేతికీ రాసి, "తప్పాయ్తు తాయీ" అంది. తప్పయింది తల్లీ అని. ఆ తర్వాత మనవరాలి చెయ్యి తనే పట్టి నా ముందు పెట్టింది. "బూట్లు విప్పి పొడువు సిస్టరమ్మా."

విప్పాను. వార్డులో ఉత్త కాళ్లతో తిరగకూడదని మాకు రూలు. డాక్టరు గారు కిటికీలోంచి బయటికి చూశారు.

రక్తం బాగా చిక్కబడింది. సెలైన్ వేగం పెంచాం. ఆ రోజంతా నాడి చూడటం, బీపీ చూడటం, మళ్లీ రక్తం తీయడం. తీసిన ప్రతిసారీ మానెమ్మ పసుపు రాసేది, నేను బూట్లు విప్పేదాన్ని. మిగతా పిల్లల తల్లులు, మా మంచం దగ్గర విప్పవేం అని కూడా అడిగారు. అందరం ఒక్కదాని కోసం ఎదురుచూశాం, అంకిత మూత్రం పోయడం కోసం. సాయంత్రం కవిత మగ్గు పట్టుకుని వచ్చి, సిగ్గూ లేదూ ఏమీ లేదు, వార్డందరికీ వినపడేలా "పోసింది సిస్టర్!" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు. రాయికోడ్ వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిల్ల గండం గడిచింది. చేతులు కాళ్లు వెచ్చబడ్డాయి, ఆకలి అంది, నా కళ్లద్దాలు లాగింది.

డిశ్చార్జి రోజు సంగమేశ్ మందులకు వెళ్లాడు. కవిత పిల్లకు జడ వేస్తోంది. మానెమ్మ నన్ను వరండాలోకి రమ్మంది. ఏదో పెట్టబోతుందేమో, వద్దనాలి అనుకుంటూ వెళ్లాను.

"సంగమేశ్ కంటె ముంగట ఒక పిలగాడుండె నాకు," అంది. "మల్లేశి. గీ అంకిత అంతనే. జరమొస్తే మా అత్త వద్దంటున్నా ఇననే లేదు, ఎత్తుకొచ్చి సూది ఏపిచ్చిన. తెల్లారి జరం పోయింది, ఒంటి నిండ పొక్కులొచ్చినయ్. జరం పోయిందని నేను సంబురపడ్డ. కాళ్లు సల్లగుంటే గుడ్డ కప్పిన. పొద్దుగూకక ముందే పోయిండు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"తల్లి ఒంటి మీదికొస్తుండంగ సూది పొడిపిచ్చి పిల్లగాన్ని సంపుకున్నవన్నరు అందరు. నేనూ గదే అనుకున్న ఇన్నేండ్లు. ఇప్పుడు చెప్పు సిస్టరమ్మా. సూదితోని పోలేదా మరి వాడు?"

"సూదితోని పోడు అవ్వా. నీ తప్పేం లేదు."

అలా అంటే ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాను.

"అయితే ఇంకో సూది పొడిపిస్తే బతుకుతుండెనా?"

ఆ బాబుకు వచ్చింది ఏ జ్వరమో నాకు తెలియదు. ఆ రోజుల్లో అది ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఉన్నారో లేదో కూడా తెలియదు. అవునంటే, గుడ్డ కప్పి ఊరుకున్నావన్న కొత్త తప్పు ఆమె నెత్తిన పెట్టినట్టు, కాదంటే సూదే చంపిందన్న పాత తప్పు తిరిగి ఇచ్చినట్టు. సంగమేశ్ మందులతో వచ్చాడు. మానెమ్మ కళ్లు తుడుచుకుని, పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచి పిల్లను చేర్చుకునేటప్పుడు ఇంకొక ప్రశ్న కూడా అడుగుతున్నాను: "మీ ఇంట్ల ఇంతకుముందు ఏ బిడ్డకన్న గిట్ల అయిందా?" కొందరు దీనికీ దానికీ ఏం సంబంధమని చిరాకు పడతారు. కొందరు నోరు విప్పేముందే ఏడుస్తారు. పిల్లకు ఏం చేస్తామో మేం చెప్పేది వాళ్లు వినాలంటే, వాళ్లు దేనికి భయపడుతున్నారో ముందు మేం వినాలని ఆ అవ్వ దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నది అంతవరకే. ఆమె అడిగినదానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడు మళ్లీ వచ్చి అడిగినా లేదు.