కోటమ్మ సిస్టర్ మూసిన తలుపు

నాటు పొలం బురద వాసన, ఫినాయిల్ వాసన కలిస్తే నేను ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాను. నిన్న సూర్యాపేటలో నేను రోగుల్ని చూసే గదికి ఒక కూలీ మనిషి వచ్చింది. కుచ్చెళ్ల నిండా పచ్చి బురద. ఆమె ఇంకా కూర్చోకముందే నాకు కోటమ్మ సిస్టర్ గుర్తొచ్చింది.

కోదాడలో నేను కొత్తగా డ్యూటీ డాక్టరుగా చేరిన ఆస్పత్రిలో ఆమె హెడ్ నర్సు. మిర్యాలగూడ మనిషి. నన్ను "సార్" అనే పిలిచేది గానీ, ఆ పిలుపులో భయమూ భక్తీ ఏమీ ఉండేవి కావు. నేను రాసిన కాగితం చూసి మూతి విరిచేది. పట్నంలో చదువుకొచ్చిన నాకు ఆమెంటే ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం నేరేడుచర్ల వైపు నాట్లకు వెళ్లిన కూలీల ఆటో బోల్తాపడి, సైదమ్మ అనే పాతికేళ్ల మనిషిని తీసుకొచ్చారు. ఆటో కడ్డీ పొత్తికడుపుకు బలంగా తగిలింది. ఎముకలేవీ విరగలేదు. మంచం చుట్టూ ఆమె మామ, మేస్త్రి, ఆటో నడిపినవాడు నిలబడి ఉన్నారు. "దెబ్బ తగిలినంక ఒంటికి పోయినవా?" అని వాళ్లందరి ముందే అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "పోయిన సార్" అంది. మూత్రం బాగానే వచ్చిందని కేసు షీటులో రాసి, నొప్పికి సూది వేయించాను. సాయంత్రం ఇంటికి పంపేయొచ్చు అనుకున్నాను.

రెండు గంటలు గడిచేసరికి ఆమె పొట్ట ఉబ్బింది. కోటమ్మ సిస్టర్ చెయ్యి వేసి చూసి, మామ వైపు తిరిగింది.

"పెద్దాయనా, జర అందరు బయటికి పోండ్రి. మీరు గూడ, సార్."

తలుపు మూసేసింది. బయట నిలబడ్డ నాకు మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"నిజం జెప్పు బిడ్డా. పొద్దుగాల్నుంచి ఒక్కసారన్న పోయినవా?"

"యాడికి పోవాలె అమ్మా? సుట్టూ మొగోళ్లే. ఇంటికి పోయినంక పోదామని ఆపుకున్న. ఆటో పడ్డకాడికెల్లి వస్తనే లేదు."

నిండుగా ఉన్న మూత్రాశయం ఆ దెబ్బకు పగిలి ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. మూత్రం తీసే గొట్టం వేస్తే నాలుగు నెత్తుటి చుక్కలే వచ్చాయి. అదే గొట్టంలోంచి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశాం. మూత్రాశయంలో నిలవాల్సిన మందు పేగుల మధ్యకు పారి తెల్లగా కనిపించింది. సర్జన్ గారు వెంటనే పొట్ట తెరిచి, చిరుగును రెండు వరసలుగా కుట్టారు. ఇంటికి పంపి ఉంటే మనిషి దక్కేది కాదన్నారు. నేను పక్కన నిలబడి సాయం చేశాను.

బయటికొచ్చాక, సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి, "ఆమె నాకు అబద్ధం చెప్పింది సిస్టర్" అన్నాను.

కోటమ్మ సిస్టర్ చేతులు కడుక్కుంటూ, "మామ ముంగట ఏ కోడలు జెప్తది సార్? ఆమెతోని మీరే అబద్ధం ఆడిచ్చిన్రు" అంది. గొంతు పెంచలేదు.

రెండు వారాల తర్వాత గొట్టం తీయించుకుని సైదమ్మ నడిచి ఇంటికి వెళ్లింది. కోటమ్మ సిస్టర్ కిందటేడు పోయింది. ఆ రోజు నువ్వు లేకపోతే ఒక ప్రాణం నా చేతుల్లో పోయేదని ఆమెకు ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. ఆ బాధ ఉండనే ఉంది. ఇప్పటికీ, రోగి చెప్పింది నిజం కాదని తేలినప్పుడల్లా, ఆ మాట చెప్పేటప్పుడు గదిలో ఎవరెవరు నిలబడ్డారో గుర్తు చేసుకుంటాను. చాలాసార్లు, వాళ్లలో నేనూ ఉంటాను.