ఐదో ఆదివారం పాదిరిగారి కాగితాలు

మా మేనమామ జీనస్ ఫిల్‌బ్రూక్ అమెరికాలో వెర్మాంట్ కొండల్లోని మా ఊరికి ముప్ఫై ఒక్క ఏళ్లు యూనివర్సలిస్టు పాదిరి. దేవుడు చివరికి అందరినీ పరలోకానికి చేరుస్తాడు, ఒక్కణ్ణీ వదలడు అన్నది ఆయన మతం. ఊళ్లో గుడి ఒక్కటే. నెలలో నాలుగు ఆదివారాలు అవతలి శాఖ సంఘపెద్ద, డీకను ఎలిఫలెట్ క్రేన్ మనుషులవి, ఐదో ఆదివారం వస్తే మావి. అంటే ఏడాదికి నాలుగైదుసార్లు మా ఊళ్లో నరకం ఉండేది కాదు. మిగతా ఆదివారాలన్నీ ఉండేది.

చావులకు మాత్రం వాటాల్లేవు. జన్మలో గుడి గడప తొక్కని తాగుబోతు పోయినా ఇంటివాళ్లు మా మామయ్య కోసమే పరుగెత్తుకొచ్చేవాళ్లు. బతికినన్నాళ్లూ ఆయన మాట చెవిన పెట్టనివాళ్లంతా పెట్టెలో పడుకుని బుద్ధిగా విన్నారు.

డీకనుకు ఆయన పొడ గిట్టదు. వీధిలో ఎదురైతే తల తిప్పి కంచె వైపు చూసేవాడు. మామయ్య డైరీలో ఒకచోట రాసుకున్నాడు: ‘అందరూ పరలోకానికే అని చెప్పి ఇరుక్కుపోయాను. క్రేన్‌తో కలకాలం కాపురం చెయ్యాలి.’

ఆ డీకను ఒక్కగానొక్క కొడుకు ఏసా, వసంతకాలంలో ఏటి నీళ్ల మీద దుంగలు తోలుతూ మునిగిపోయాడు. మారుమనసు పొందానని నలుగురి ముందు సాక్ష్యం చెప్పకుండానే పోయాడు; వాళ్ల లెక్కలో అలాంటివాడికి నరకమే. వాళ్ల పాదిరి సమాధి దగ్గర అంతా దేవుడి చిత్తమని ఊరుకున్నాడు. ఆ సాయంత్రం డీకను మా పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. మామయ్య అప్పటికప్పుడు ప్రసంగం రాసి, మా వంటింట్లో ఆయన ఒక్కడికే చదివి వినిపించాడు. మర్నాడు వీధిలో డీకను మళ్లీ కంచెనే చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మామయ్య నవ్వి ఊరుకున్నాడు.

మామయ్య పోయాక ఆయన కాగితాలు పంపమని మా మతంవాళ్ల కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. పెట్టె సర్దుతుంటే డీకను వచ్చాడు. ఎనభై ఏళ్లు, చేతికర్ర. మళ్లీ పెరటి గుమ్మమే.

“ఆ కాగితం మాత్రం పంపకు, లొవీనా. పదిమందీ చదివితే నా పరువేం కాను? కాల్చెయ్యమ్మా.”

మామయ్య చేతిరాత నేను కాల్చనని, అంత కావాలంటే తనే పొయ్యిలో వేసుకోమని ఆ కాగితం చేతికిచ్చాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“కళ్లజోడు తేలేదు. ఏం రాశాడో ఒక్కసారి చదువు.”

చదివాను. ఏసా ఇంటికి చేరాడనీ, తలుపు తీసే ఉందనీ, తడిబట్టలతో వచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదనీ ఉంది. డీకను పొయ్యి వైపు చూస్తూ విన్నాడు. తర్వాత కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“పొయ్యి ఇక్కడుంది, డీకను గారూ.”

“కనబడుతోందిలే,” అని టోపీ పెట్టుకున్నాడు.

కాగితాలు చేరాక కాలేజీవాళ్లు మళ్లీ రాశారు. మామయ్య పట్టికలో ఉన్న నూట నలభయ్యో ప్రసంగం కట్టలో లేదట, ఏమైందని అడిగారు.

అది ఇంకా వాడకంలో ఉందని జవాబు రాశాను.