పూజారిని దొరను చేసిన పాఠం

నాకు ఏ పాఠాన్నైనా కథ చేసి చెప్పే జబ్బుంది. మైటోకాండ్రియాను రైస్‌మిల్లు చేశాను, కిడ్నీని చాయ్ వడకట్టే జాలీ చేశాను. ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో జువాలజీ గెస్ట్ లెక్చరర్‌గా నాకు ఆరేళ్లు ఇలాగే గడిచాయి. పిల్లలు నవ్వితే పాఠం ఎక్కినట్టేనని నా నమ్మకం. నవ్వకపోతే అదే ముక్కను ఇంకాస్త గట్టిగా చెప్తాను.

గెస్ట్ లెక్చరర్లం, ఏటా రెన్యువల్ చేస్తేనే ఉంటాం, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ ఏడు పద్ధతి మారింది. పైనుంచి ఒక సార్ వచ్చి, వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటారని, ఆయన రాసేదాన్ని బట్టే నేను ఉండేదీ పోయేదీ తేలుతుందని చెప్పారు. ఆయన వచ్చే రోజుకు సరిగ్గా నాకు తగిలిన పాఠం ఏమిటంటే, కణవిభజనను నడిపే జన్యువులను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఎలా అదుపు చేస్తాయన్నది. పేరు పలకడానికే సగం పీరియడ్ పోయే పాఠం.

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక కథ దొరికింది. ఇక్కడి గూడేల్లో విత్తనాల పండుగ కానిదే ఎవరూ గింజ మట్టిలో వేయరు. పూజారి తొలి పిడికెడు చల్లాలి, ఆ తర్వాతే ఇంటింటా విత్తనాల బుట్టలు తెరుస్తారు. ఇంకేం కావాలి? కణం ఒక గూడెం. జన్యువులు మూతవేసిన బుట్టలు. ఈటూఎఫ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ పూజారి. ఆయన మూత తీయిస్తే డీఎన్ఏను రెట్టింపు చేసే సరంజామా అంతా తయారవుతుంది, కణం రెండు కావడానికి సిద్ధపడుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు క్లాసులో పూజారికి లేని మీసం పెట్టాను. దాన్ని మెలేసి, గొంతు పెంచి, బుట్టలు తెరవమని ఆయన చేత హుకుం జారీ చేయించాను. ఈటూఎఫ్‌ను పట్టుకుని కదలనివ్వని ఆర్‌బీ అనే ఇంకో ప్రోటీన్ ఉంది. దాన్ని పూజారి చొక్కా పట్టి వెనక్కి లాగే గయ్యాళి పెళ్లాన్ని చేశాను. క్లాసంతా పడీ పడీ నవ్వింది. సార్ కూడా నవ్వినట్టే ఉంది. రెండో వరుసలో ఒక్క పిల్ల మాత్రం నవ్వలేదు. పినపాక వైపు గూడెం నుంచి వచ్చిన పిల్ల, ఏడాదంతా నోరు విప్పింది లేదు. వాళ్ల ఊరి పూజారి ఆ పిల్ల తాతేనని నాకు అప్పటికి తెలియదు.

సందేహాలేమైనా ఉన్నాయా అని సార్ అడిగితే ఆ పిల్ల లేచి నిలబడింది.

"మేడం చెప్పినాయన పూజారి కాడు సార్, దొర."

నవ్వులు ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది. కూర్చోమని కసరబోయి, సార్ ఉన్నారని మింగేశాను. ఆయన వివరంగా చెప్పమన్నారు. ఆ పిల్ల బెంచీ వైపే చూస్తూ చెప్పుకుపోయింది. వాళ్ల తాత తనంతట తాను ఒక్క గింజ కూడా వేయడట. ఊరి పెద్దలు ఆపి ఉంచుతారట. వానలు చాలినన్ని పడి, భూమి పదునై, ఇంటింటి నుంచి గింజలు చేరాకే పోనిస్తారట. ఆ ఆపేవాళ్లు లేకపోతే ఊరు ఊరంతా పొడి దుక్కిలో విత్తి పంట పోగొట్టుకుంటుంది. తొలి పిడికెడు పడ్డాక మాత్రం అందరూ చేలల్లోకి దిగుతారు, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఊళ్లో చావు జరిగితే పండుగే వాయిదా పడుతుందట.

వింటూ వింటూ నా కోపం ఎటు పోయిందో తెలియదు, సిగ్గు మాత్రం మిగిలింది. పుస్తకంలో పదిసార్లు చదివిన ముక్కే అది. సుద్దముక్క తీసుకుని, సార్ ఎదుటే, నేను తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. బోర్డు తుడిచి, ఈసారి ఆర్‌బీని ఊరి పెద్దలను చేసి మళ్లీ మొదలుపెట్టాను. పెరగమనే కబురు బయటి నుంచి అందాలి, అప్పుడే ఆర్‌బీ పట్టు వదులుతుంది, ఈటూఎఫ్ కదులుతుంది. అది తెరిపించిన జన్యువుల్లో ఒకటి ఆర్‌బీ పట్టును ఇంకా వదులు చేస్తుంది, కాబట్టి ఆ గీత దాటిన కణం వెనక్కి రాదు. డీఎన్ఏ దెబ్బతింటే పీ53 అనే మరో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ఆపే జన్యువును తెరిపించి పని నిలిపేస్తుంది. ఈ ఆపేవాళ్లు పాడైతే కణాలు వేళాపాళా లేకుండా పెరుగుతాయి, క్యాన్సర్ మొదలయ్యే దారుల్లో అదొకటి. ఈసారి ఎవరూ నవ్వలేదు, అందరూ రాసుకున్నారు.

బెల్లు కొట్టాక సార్ కాగితంలో ఏదో రాసి నన్ను పక్కకు పిలిచారు. పెట్టె సర్దుకోవడమే తరువాయి అనుకున్నాను.

"వచ్చే ఏడు కూడా ఈ పాఠం మీరే చెప్పండి. కాకపోతే ముందు ఆ అమ్మాయికి ఒకసారి అప్పజెప్పండి" అన్నారు.

ఎగిరి గంతేయాలన్నంత సంతోషంతో బయటికొస్తే వరండాలో ఆ పిల్ల నిలబడి ఉంది. అన్నం గంట మోగినా పోలేదు. సార్ సరిగా రాయకపోతే మేడం నౌకరి పోతుందని ఎవరో చెప్పారట. ముఖం పీక్కుపోయింది.

"నేనే తప్పు చెప్పిన అని సార్‌తోటి చెప్పొస్త మేడం. మీరు పోవద్దు."

ఆరేళ్లలో నన్ను ఉంచాలా తీసేయాలా అని ఎన్ని కాగితాలు అటూ ఇటూ తిరిగాయో లెక్కలేదు. పోవద్దని నోరు తెరిచి అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నాకు ఏడుపొచ్చింది. నా ఉద్యోగానికి ఢోకా లేదని ఒక్క మాట చెప్తే ఆ పిల్ల భయం అక్కడే తీరిపోయేది. అయినా చెప్పలేదు.

"నువ్వు చెప్పిందే కరెక్టు. ఎవరి నౌకరి పోయినా సరే, ఆ మాట మార్చకు" అన్నాను.

సరే మేడం అని తలూపిందాకా ఆగి, అప్పుడు చెప్పాను, నేను పోవడం లేదని.