పార్కు రాట్నం, అమ్మ కొప్పు

మా అమ్మకు కొప్పు వెయ్యడం నేను యాభయ్యో ఏట నేర్చుకున్నాను. నేర్చుకున్నానని నేనంటాను. అమ్మ అనదు.

నా భార్య హయత్‌నగర్ అవతల ఒక బడిలో టీచరు. పొద్దున ఏడు కాకముందే బస్సెక్కుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల దుకాణం పదిన్నరకు గానీ తెరవం. ఈ రెండింటి మధ్య మా ఇంట్లో ఉండేది నేనూ, అమ్మా, అమ్మ జుట్టూ. అమ్మ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేశాక ఆ జుట్టు నా బాధ్యత అయింది. ఎవరూ అడిగి అప్పగించలేదు. ఒకరోజు దువ్వెన నా చేతికొచ్చింది, అంతే.

చెయ్యి ఎందుకు మొరాయించిందో చెప్పాలి. మాది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. రంగులద్దే ముందు చీర పేక నూలును ఆసు పోస్తారు. అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రం ముందు కూచుని, నూలు పోగును ఈ కొస నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ కొసకు తిప్పుతూ పోవడమే పని. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటు వెళ్ళి ఇటు రావాలి. ఈ పని ఇంట్లో ఆడవాళ్ళది. పెళ్ళయిన ఏడాది మొదలుకొని మగ్గం అమ్మేసి పట్నం వచ్చేదాకా అమ్మ ఆసు పోసింది. అన్నేళ్ళూ ఆ చెయ్యి నోరెత్తలేదు. కొత్తపేటకూ ఎల్బీనగర్‌కూ మధ్య ఈ కాలనీలో ఇల్లు కట్టుకుని, ఇక నువ్వు ఏ పనీ చెయ్యొద్దమ్మా అన్నాక నొప్పి మొదలైంది.

మలక్‌పేటలో ఒక ఎముకల డాక్టరుకు చూపించాం. భుజం బిగుసుకుపోయిందనీ, మందులకంటే వ్యాయామమే ముఖ్యమనీ, రోజూ చెయ్యి గుండ్రంగా తిప్పాలనీ చెప్పాడు. చెప్పి, నేను అడగకపోయినా నా పొట్ట వైపు చూశాడు. మీరు కూడా ఆమెతో పాటు వెళ్తే మంచిదన్నాడు.

అమ్మ బాధ నొప్పి కాదు. నొప్పిని ఆమె ఇంటికొచ్చిన చుట్టంలా చూసుకుంటుంది, ఉంటే ఉండనీ అంటుంది. బాధంతా కొప్పు గురించే. సగం నెరిసినా నడుం దాకా ఉన్న జుట్టు ఆమెది. నాన్న పోయాక నగలు తీసేసి కోడలికిచ్చింది, రంగు చీరలు తగ్గించింది, కొప్పును మాత్రం ఎవరినీ తాకనివ్వలేదు. విడిచిన జుట్టుతో పాల ప్యాకెట్ కోసం గేటు దాకా కూడా వెళ్ళేది కాదు. అలాంటి మనిషి వరండాలో కుర్చీ వేసుకుని నాకు వీపు పెట్టి కూచునేది. నాకు తెలిసిన విద్య చీరలు మడత పెట్టడం. జుట్టును కూడా అట్లాగే మడిచి, చుట్టి, పిన్నులు గుచ్చేవాణ్ణి. పార్కుకు వెళ్ళేలోపు అది జారి మెడ మీదికి వచ్చేది. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందంటారు గానీ, ఆ మాట అన్నవాళ్ళు నా చేతి కొప్పు చూడలేదు. ఎవరేశారమ్మా ఈ కొప్పు అని ఎవరైనా అడిగితే, దుకాణంల గిట్లనే చుడతరు అని అమ్మ జవాబు చెప్పేది.

మా కాలనీ పార్కు చిన్నది. ఒక వైపు బల్లల మీద నవ్వేవాళ్ళు, ఒక వైపు చాపల మీద ఊపిరి పీల్చేవాళ్ళు, చుట్టూ సెల్‌ఫోన్లో మాట్లాడుతూ నడిచేవాళ్ళు. గేటు బయట రాగిజావ బండి, దాని పక్కనే ఇడ్లీ బండి. లోపల కరిగించినది బయట నింపుకుని పోవడానికి ఏర్పాట్లన్నీ ఉన్నాయి. మధ్యలో ఇనుప వ్యాయామ సామాన్లు. వాటిలో భుజాలకు పనికొచ్చేది ఒక చక్రం. ఒకే ఇరుసుకు రెండు వైపులా రెండు పళ్ళేలు, పిడులు. ఒకటి తిప్పితే రెండోది కూడా తిరుగుతుంది. అమ్మ దాన్ని మొదటిసారి చూసి, "గిదేంది, రాట్నం లెక్కనే ఉన్నది," అంది. అప్పటి నుంచి అది రాట్నమే.

పార్కులో అందరికీ సలహాలిచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైరైన బ్యాంకు ఆఫీసరు. తెల్లబూట్లు వేసుకుని, తాను రెండు చుట్లు నడిచి, మిగతావాళ్ళ నడకలు పర్యవేక్షించేవాడు. అమ్మ చక్రం తిప్పడం కొన్నాళ్ళు గమనించి దగ్గరికొచ్చాడు.

"అక్కయ్యగారూ, అలా ఒకవైపే తిప్పితే లాభం లేదండీ. వెనక్కి కూడా తిప్పాలి."

అట్లనే అన్నా అని అమ్మ మర్యాదగా చెప్పి, ముందుకే తిప్పింది. మర్నాడూ ముందుకే తిప్పింది. చెయ్యి మెల్లగా చెవి దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. వారాలు గడిచినా చెవి దాటలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయనా అదే ప్రశ్న అడిగాడు. వెనక్కి తిప్పుతున్నారా?

ఇంటికొచ్చాక నేను అమ్మను నిలదీశాను. ఆమె నన్ను చదువులేనివాణ్ణి చూసినట్టు చూసింది. రాట్నం ఎన్కకు తిప్పితే చుట్టిన నూలంతా ఊడిపోతది, తెల్వదా అంది. పెళ్ళయిన కొత్తలో నూలు చుడుతూ ఒకసారి పరధ్యానంగా అట్లా తిప్పితే అత్త, అంటే మా నానమ్మ, అన్నం తినే పళ్ళెం ముందు నుంచి లేపిందట. ఇక్కడ నూలు లేదు కదమ్మా అన్నాను. నూలు లేకపోతే మాత్రం చేసిన పని చెడగొట్టుకుంటామా అని అడిగింది. ఈ ప్రశ్నకు డాక్టరు దగ్గర మందు ఉండదనుకున్నాను.

ఉపాయం నాకే తట్టింది. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఉపాయాలు నాకు తట్టడం అరుదు. మర్నాడు నేను చక్రానికి అవతలి వైపు వెళ్ళి నిలబడ్డాను. అమ్మను ఇవతల పిడి ఊరికే పట్టుకోమన్నాను. నేను నా వైపు నుంచి ముందుకు తిప్పాను. అటు అమ్మ వైపు అది వెనక్కి తిరిగింది, పిడితో పాటు అమ్మ చెయ్యీ తిరిగింది. అమ్మ కాసేపు చక్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"నేనైతే తిప్పుతలేను. నువ్వు తిప్పుతున్నవ్," అంది.

అవునన్నాను. నూలు ఊడితే ఆ పాపం నాదన్నాను. ఆమెకది న్యాయంగా తోచింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున మేమిద్దరం ఎదురెదురుగా నిలబడి చక్రం తిప్పుకునేవాళ్ళం. సగంసేపు ఆమె తన వైపు నుంచి ముందుకు తిప్పేది, తక్కిన సగం నేను. చిన్నప్పుడు తప్ప అమ్మ మొహం అంతసేపు ఎదురుగా చూసింది లేదు. నాకూ కొంచెం పొట్ట తగ్గింది. అమ్మ చెయ్యి చెవి దాటింది, నడినెత్తికి వచ్చింది. ఇక వెనక్కి, మెడ పైకి వెళ్తే చాలు.

ఒకరోజు చక్రం మధ్యలో ఉండగా అమ్మ మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పింది.

"చెయ్యి కొప్పుదాంక పోతే గుట్ట మీది గుడికి పోవాలె బిడ్డా. మొక్కుకున్న."

"ఏం మొక్కినవమ్మా?"

"తలనీలాలు."

నేను చక్రం ఆపేశాను.

"ఎందుకాపినవ్? తిప్పు," అంది.

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేవాళ్ళ గురించి విన్నాను. మా అమ్మ భుజానికి పెట్టింది. తన కొప్పు తాను వేసుకునేలా చెయ్యి బాగుచెయ్యి స్వామీ, అట్లా చేస్తే ఆ కొప్పు నీకే ఇస్తానని మొక్కుకుంది. ఇందులో ఉన్న తిరకాసు ఆమెకు కనిపించలేదా అంటే, కనిపించింది. మొక్కుకున్న మర్నాడే కనిపించిందట. అయినా నోరు జారాక ఏం చేస్తాం అంది. చేతి కోసమైతే వెండి చెయ్యి చేయించి ఇవ్వొచ్చు, కొబ్బరికాయలు కొట్టొచ్చు, జుట్టే ఎందుకు మొక్కావని అడిగాను.

"ఇంకేమున్నది నా తాన ఇయ్యనీకి?" అంది.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు.

ఆడవాళ్ళు గుండు చేయించుకోకుండా మూడు కత్తెర్లు ఇచ్చే పద్ధతి ఉంది కదా, కొసన మూడుసార్లు కత్తిరిస్తే మొక్కు తీరుతుంది కదా అని నేనూ నా భార్యా కలిసి చెప్పాం. మూడు కత్తెర్లని మొక్కితే మూడు కత్తెర్లు, తలనీలాలని మొక్కితే తలనీలాలే అని అమ్మ తేల్చేసింది. బేరాలు నీ దుకాణంలో చేసుకో, ఆయనతో నేను చెయ్యను అంది.

ఆ తర్వాత పొద్దున్నే చక్రం పట్టుకోవడం నాకు పరేషానైపోయింది. చెయ్యి లేవాలి. లేస్తే జుట్టు పోతుంది. లేవొద్దని కోరుకోలేను, లేవమనీ కోరుకోలేను. ఏ కొడుకూ తల్లి ఆరోగ్యం గురించి ఇంత తికమకగా దేవుడికి దండం పెట్టుకుని ఉండడు. ఒకరోజు వాన సాకుగా పెట్టుకుని లేవలేదు. చినుకులు పడుతున్నాయంతే. అమ్మ ముందురోజు జారిన కొప్పుతోనే గొడుగేసుకుని ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చి, ఆ బ్యాంకాయన అవతల నిలబడి తిప్పాడనీ, నీకంటే సాఫీగా తిప్పుతాడనీ చెప్పింది. మర్నాటి నుంచి నేను మళ్ళీ మానలేదు. తెల్లబూట్ల మనిషి మా అమ్మ చెయ్యి బాగుచేశాడని కాలనీ చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

ఒక పొద్దున దువ్వెన, నూనె సీసా తీసుకుని వరండాలోకి వెళ్ళేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ గేటు దగ్గర పాలు తీసుకుంటోంది. వీపు నా వైపు ఉంది. మెడ మీద కొప్పు ఉంది. చిన్నగా, బిగుతుగా, నిటారుగా, ఒక్క వెంట్రుక కూడా తప్పించుకోకుండా. నాకు ముందు సంతోషం కలిగింది. పాల ప్యాకెట్‌తో ఆమె ఇటు తిరిగేలోపే మొక్కు గుర్తొచ్చింది. ఆదివారం పోదమా గుట్టకు అని అడిగింది.

ఆదివారం తెల్లవారుతుండగా ఉప్పల్ మీదుగా కారులో బయలుదేరాం. ఆ రోజు కొప్పు ఇంకా బాగా వేసుకుంది. దారిలో రెండుసార్లు చెయ్యి వెనక్కి పెట్టి సర్దుకుంది. ఇవ్వబోయే వస్తువును ఇంత శ్రద్ధగా ముస్తాబు చెయ్యడం నేను దుకాణంలో కూడా చూడలేదు.

గుట్ట మీద తలనీలాలు తీసేచోట క్షురకుడు అమ్మ వయసు చూసి, మూడు కత్తెర్లా అమ్మా అని అడిగాడు. అవునని నేను ముందే చెప్పేశాను. అమ్మ నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"వాడు నా కొడుకు. మొక్కు నాది. మొత్తం తియ్యి," అంది.

పిన్నులు తియ్యడానికి అతను చెయ్యి చాపాడు. ఆగమంది. కుడిచెయ్యి పైకెత్తి, వెనక్కి పోనిచ్చి, పిన్నులు ఒక్కొక్కటి తానే తీసింది. కొప్పు విప్పి జుట్టును వీపు మీదికి వదిలింది. అంతసేపూ ఆ చెయ్యి పైనే ఉంది. నేను బయటికొచ్చి చెప్పుల స్టాండు పక్కన నిలబడి ఏడ్చాను. చెప్పులు పోయాయనుకుని ఒకాయన నన్ను ఓదార్చి, టోకెన్ జాగ్రత్తగా పెట్టుకోవాలని చెప్పాడు.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ దువ్వెన, నూనె సీసా పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. వెళ్ళాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగేలోపు అమ్మ వచ్చింది. తల మీద కొంగు తీసి, కుర్చీలో నాకు వీపు పెట్టి కూచుంది. గంధం అక్కడక్కడా ఎండిపోయి ఉంది. అమ్మ తల ఇంత చిన్నదని నాకు తెలియదు. ఏం చెయ్యాలో తోచక, అరచేతిలో కొంచెం నూనె వేసుకుని మెల్లగా రాశాను. కాసేపటికి అమ్మ కుడిచెయ్యి లేచి వెనక్కి వచ్చింది. కొప్పు ఉండే చోటు తడిమి చూసుకుంది.

"మంచిగ అందుతున్నది," అంది.

ఇక పార్కుకు పోకపోయినా ఫర్వాలేదేమో అన్నాను. జుట్టు వచ్చేసరికి చెయ్యి మళ్ళీ బిగుసుకుపోతే ఎట్లా అని లేచి నిలబడింది. నేను దువ్వెన అల్మారాలో పెట్టి వస్తానని చెప్పాను.

"గా కిటికీలనే పెట్టు. జుట్టొచ్చినంక మళ్ల నువ్వే దువ్వాలె."

"నీ చెయ్యి బాగైంది కదమ్మా?"

"నా చెయ్యి బాగైంది. నీకింకా కొప్పెయ్యొస్తలేదు," అని చెప్పులేసుకుంది.